సూర్యోదయం రీటేక్

పాడేరు దగ్గర వంజంగి కొండ మీద శీతకాలం తెల్లవారుజామున మేఘాలకంటే ట్రైపాడ్లే దట్టంగా ఉంటాయి. వెలుగు రేఖ కనపడగానే ‘ముందువాళ్లు కూర్చోండి’ అని కేకలు. పెళ్లి భోజనాల్లో మొదటి పంక్తి కోసం కూడా ఇంత తోపులాట ఉండదు. మన ఔత్సాహికుడు గోల్డెన్ అవర్ అంటూ కెమెరా మీటలు తిప్పుతూనే ఉంటాడు. ఐఎస్ఓ కుదిరేసరికి సూర్యుడు నడినెత్తికి బయల్దేరతాడు. ఫర్వాలేదు, ఇంటికెళ్లి సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ ఉదయింపజేస్తాడు, ఈసారి కాస్త వంగపండు రంగు కూడా పులిమి.

అరకు వలిసె పూలది ఇంకో గోడు. నూనెగింజల కోసం గిరిజన రైతు వేసుకున్న పంట అది. వీళ్లకేమో పసుపుపచ్చ బ్యాక్‌గ్రౌండ్! చేను నడిమధ్యకు దూరిపోతారు. తొక్కిన మొక్క గింజ కట్టదు కదా, అందుకే కొన్నిచోట్ల రైతులు ఫొటోకింత అని వసూలు మొదలెట్టారు. మెళ్లో ఖరీదైన లెన్సు వేలాడేసుకున్న పెద్దమనిషి 20 రూపాయల దగ్గర బేరానికి దిగుతాడు: ‘ప్రకృతికి కూడా టిక్కెట్టా బాబూ?’

సాయంత్రానికి పోస్టు రెడీ: ‘మనిషి అడుగు పడని చోటు.’ కింద లొకేషన్ కూడా పెట్టాడండోయ్!