నేనేమీ నొక్కలేదండి!

కంప్యూటరో సెల్లో మొరాయిస్తే కూర్చుని బాగుచేసుకోవడం చేతకానివాళ్ళ పని. తెలిసినవాడికి కావలసినవి రెండే. తప్పు తన మీదకు రాకూడదు, పని తన నెత్తిన పడకూడదు. నిడదవోలు జంక్షన్లో భీమవరం బండిని మెయిన్ లైను మీంచి పక్కకి తిప్పేసినట్టు, తప్పు మన ప్లాట్‌ఫారం మీదకు రాకముందే దాన్ని ఇంకో లైనెక్కించెయ్యాలి. ఈ చిట్కాలు ఇంట్లో, ఆఫీసులో, కొట్లో ఎక్కడైనా పనిచేస్తాయి. అనుమానం పెట్టుకోకండి.

1. తెర మీద ఏమొచ్చినా చదవకండి. పెట్టె కనపడగానే ఓకే నొక్కెయ్యండి. ఓకే లేకపోతే మూలన ఇంటూ గుర్తుంటుంది, అది నొక్కండి. చదివారంటే సాక్షి అయిపోయారన్నమాటే. రేపు రిపేరు షాపు అబ్బాయి "ఏవని వచ్చిందండి?" అని అడిగితే "ఏదో ఇంగ్లీషులో వచ్చింది బాబూ" అనే హక్కు పోతుంది. ఫొటో అసలే తియ్యొద్దు. నీలం తెర వచ్చినప్పుడు అడుగున ఒక కోడ్ ఉంటుంది చూశారూ, అది చూస్తే తప్పు డ్రైవర్‌దో ర్యామ్‌దో అతనికి ఇట్టే అంతు చిక్కుతుంది. ఇట్టే తేలిపోతే సాయంత్రందాకా పని ఎగ్గొట్టేదెలాగ? "నేనేమీ నొక్కలేదండి, దానంతటదే వచ్చింది" అన్న మాట అద్దం ముందు నిలబడి సాధన చెయ్యండి. "దానంతటదే" దగ్గర కాస్త ఒత్తి పలకాలి.

2. రీస్టార్ట్ జోలికి పోకండి. సగం జబ్బులు దాంతోనే పోతాయి. పోతే మీ కథ కంచికే. ఎవరైనా మరీ ప్రాణం తీస్తుంటే షట్‌డౌన్ కొట్టి మళ్ళీ ఆన్ చెయ్యండి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి పెట్టారు. షట్‌డౌన్ కొట్టినా సిస్టం తన లోపలి సరంజామా అంతా డిస్కు మీద దాచిపెట్టుకుని, ఆన్ చెయ్యగానే మళ్ళీ అదే పైకి తీస్తుంది. పాత చిక్కు చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది. నిజంగా కడిగేసి మొదలుపెట్టేది రీస్టార్ట్ ఒక్కటే. మీరు మాత్రం "ఆపి వేశానండి, అయినా అంతే" అని ఒట్టేసి చెప్పొచ్చు. అబద్ధం కూడా కాదు.

3. బ్యాకప్ ఎప్పుడూ డి డ్రైవులోనే పెట్టండి. సి డ్రైవులో ఉన్న పెళ్ళి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు అన్నీ డి డ్రైవులోకి కాపీ చేసి, ఆ ఫోల్డరుకి "ఇంపార్టెంట్" అని పేరు పెట్టండి. దాని లోపల "ఇంపార్టెంట్ న్యూ". దాని లోపల "న్యూ ఫోల్డర్ 2". సి, డి రెండూ ఒకే హార్డ్‌డిస్కులో వేసిన వాటాలనీ, డిస్కు పోతే రెండూ కలిసే పోతాయనీ చెప్పేవాడొకడు తగులుతాడు. టీ ఇప్పించి పంపెయ్యండి.

కొన్నాళ్ళకి సీపీయూలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలవుతుంది. శుభం. చదివే ముల్లు తన చోటు దొరక్క అటూ ఇటూ కొట్టుకుంటోందని అర్థం. అప్పటికప్పుడు కరెంటు తీసేసి, డేటా తీసేవాళ్ళ చేతికిస్తే ఎంతో కొంత దక్కచ్చు. అందుకే తియ్యకండి. డిస్కు మొత్తం చెక్ చేసే ప్రోగ్రాం ఒకటి పెట్టి, హాయిగా పడుకోండి. ముల్లు రాత్రంతా పళ్ళెం మీద గీసుకుంటుంది, తెల్లారేసరికి చప్పుడు ఆగిపోతుంది. చూశారా, రిపేరు అయిపోయింది! ఫొటోలేవని ఇంటావిడ అడిగితే "ఆల్బం ఉందిగా" అనండి. ఆల్బం చేయించిన ఫొటోగ్రాఫరుకి బాకీ తీర్చక అది ఇంకా ఆయన స్టూడియోలోనే ఉందన్న సంగతి ఆవిడకి గుర్తుంటుంది. మీకెందుకు?

4. "సర్వర్ డౌన్." కౌంటరు వెనక కుర్చీ మీదైతే ఇంతకుమించిన బ్రహ్మాస్త్రం లేదు. అవతలాయన పెరవలి నుంచో సమిశ్రగూడెం నుంచో ఆటో దిగి, కాగితాల కవరు విప్పేలోపే అనెయ్యాలి. విప్పాక అంటే కాస్త జాలిపడాల్సొస్తుంది. ముఖం చూడకండి. కళ్ళు తెర మీద పెట్టి మౌసు కదుపుతూ ఉండండి, అప్పుడే మీరూ కష్టపడుతున్నట్టుంటుంది. "ఎప్పటికొస్తుందండీ?" అంటే "మా చేతుల్లో లేదండి, అది విజయవాడలో" అనండి. ఊరు ఎంత దూరమైతే ప్రశ్నలు అంత తగ్గుతాయి. విజయవాడ కంటే ఢిల్లీ మేలు. అవతలాయన మరీ పట్టుదల మనిషైతే "ఆయ్, రేపు పొద్దున్నే రండి, పదిలోపు స్పీడుగా ఉంటుంది" అని పంపండి. పదిలోపు మీరు ఎలాగూ రారు.

మీ కంప్యూటరు ఏ సర్వరుకీ తగిలించి లేకపోవడం ఇందుకు అడ్డు కాదు. జిరాక్సు తియ్యమన్నా సర్వర్ డౌనే. జాగ్రత్త ఒక్కటే, క్రికెట్ స్కోరు కనపడకుండా మోనిటరు గోడవైపు తిప్పుకోవాలి. ఆ మ్యాచ్ చూడ్డానికి నెట్ ఎలా వస్తోందని ఈ మధ్య కొందరు కుర్రాళ్ళు అడుగుతున్నారు. వాళ్ళకి "అది వేరే లైను" అని చెప్పండి.

5. సెల్లు నీళ్ళలో పడితే బియ్యం డబ్బా. విజ్జేశ్వరం దగ్గర గోదావరిలోంచి బయల్దేరిన కాలువ మన నిడదవోలు మీంచే పోతోంది. గట్టు మీద సెల్ఫీలకి కొదవ లేదు, కాబట్టి ఈ అవకాశం అందరికీ వస్తుంది. సెల్లు పైకి తియ్యగానే ముందు బటను నొక్కి వెలుగుతుందో లేదో చూడండి. లోపల తడి ఉన్నంతమాత్రాన వెంటనే పెద్ద నష్టం ఉండదు. తడి ఉండగా కరెంటు పారితే షార్టయి, రాగి గీతలు తొందరగా తుప్పు పడతాయి. అందుకని వెలిగించడం తప్పనిసరి. వెలిగితే ఆ ఆనందంలో ఇంకో సెల్ఫీ.

తర్వాత తిన్నగా వంటింట్లోకి. డెల్టాలో పుట్టి సెల్లుని బియ్యంలో పెట్టకపోతే పరువు దక్కదు. అందులోనూ మన మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ, అదేనండి ఎంటీయూ 7029, అయితే మరీ శ్రేష్ఠం. బియ్యంలో పెట్టొద్దు, సన్నటి రేణువులు లోపలికి పోతాయి, చార్జింగు కంత కిందికి ఉండేలా పట్టుకుని చేత్తో మెల్లిగా తట్టి గాలి ఆడేచోట ఆరనివ్వండి అని యాపిల్ కంపెనీ 2024లో చెప్పింది. బియ్యం సంగతి మనకి కాలిఫోర్నియా వాళ్ళు చెప్పేదా? పీకల్దాకా పూడ్చి మూత బిగించండి. మూడో రోజు తీస్తే చార్జింగు కంతలో ఒక నూక బిగుసుకుని ఉంటుంది, చుట్టూ తవుడు. పిన్నీసు తెచ్చి దాన్ని లోపలికి నొక్కండి. ఇంకా బయటికి కనిపిస్తే ఇంకా నొక్కండి. కాలవనీళ్ళు తాగిన ఆ బియ్యంతో రాత్రి అన్నం వండుతున్నప్పుడు మాత్రం నోరు మెదపకండి.

6. చార్జరు రైల్లో అమ్మేదే కొనండి. దానికి ముద్ర ఉండదు, బిల్లు ఉండదు, అమ్మినవాడు తాడేపల్లిగూడెంలో దిగిపోతాడు, అంటే మీరు ఎవరితోనూ పోట్లాడక్కర్లేదు. దాంతో బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తే భయపడకండి. లోపల గ్యాసు పుట్టింది, ఇక చార్జింగు పెట్టకూడదు అంటారు పిరికివాళ్ళు. 2016లో గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కాలిపోతున్నాయని చేసిన కంపెనీయే వెనక్కి తీసుకుంది, మన దేశంలో విమానాల్లో వాటిని వాడొద్దన్నారు. అయితే ఏవిటి, మనం వెళ్ళేది ఆటోలో. మూతకి రబ్బరు బ్యాండు వేసి, దిండు కింద పెట్టుకుని, రాత్రంతా చార్జింగులో ఉంచండి. దీనివల్ల ఇల్లు మారాల్సొచ్చినా సామాను సర్దే బెడద ఉండదు.

7. యూపీఎస్ కొనకండి. విజ్జేశ్వరంలో గ్యాసుతో కరెంటు తియ్యడానికి కట్టిన ప్లాంటు పక్కనే పెట్టుకుని బ్యాటరీ కొనడమేవిటి, ఊరికే అవమానం. ప్లగ్గులో మూడో పిన్ను విరిచెయ్యండి. సీపీయూ ముట్టుకున్నప్పుడు చెయ్యి జివ్వుమంటే అది బతికే ఉందని లెక్క.

8. అప్‌డేట్ అడిగితే "రేపు గుర్తుచెయ్యి" నొక్కండి. రోజూ నొక్కండి, అదే పూజ. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసిందని కొందరు దిగులుపడుతున్నారు. దిగులెందుకు, గోల వదిలింది. 2017 మార్చిలో ఒక కంత పూడ్చే అప్‌డేట్ ఇచ్చారు. "రేపు" అన్నవాళ్ళలో చాలామందిని మేలో వానాక్రై వచ్చి పట్టుకుంది, ఫైళ్ళకి తాళాలేసి 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది. మన ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లకే కొన్నిటికి తగిలింది. ఇంత గట్టి సాకు మళ్ళీ దొరకదు. "పోలీసులకే దిక్కులేదు, మనమెంతండి" అనేసి పక్క పనికి వెళ్ళిపోండి. పక్క పని కూడా లేకపోతే మరీ మంచిది.

9. ఫోను నిండిపోయిందని చూపిస్తే ఒక్క ఫొటో కూడా చెరపకండి. కోట సత్తెమ్మ అమ్మవారి బొమ్మ మీద శుభోదయం అని రాసి పంపితే చెరిపేసే చెయ్యి ఎవరికుంటుంది? మన గుడ్ మార్నింగ్ బొమ్మలే ఫోన్లని నింపేస్తున్నాయని గూగుల్ వాళ్ళు కనిపెట్టి, వాటిని ఏరి పారేసే వీలు తమ ఫైల్స్ యాప్‌లో పెట్టారు. అటు తొంగిచూడకండి. వాట్సాప్ బ్యాకప్ 2024 నుంచి గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ లెక్కలోకే వస్తోంది, కాబట్టి ఆ బొమ్మలు ఫోనునీ నింపి, బ్యాకప్‌నీ నింపి, ఆఖరికి మీ ఈమెయిళ్ళనీ ఆపేస్తాయి. ఉద్యోగం ఇస్తామన్న ఉత్తరం రాలేదని ఇంట్లో చెప్పుకోవచ్చు. ఆయ్, నిజంగానే రాదు.

10. పాస్‌వర్డు మీ అబ్బాయి పేరు, పక్కన 123. మోనిటరు మీద స్టిక్కరు. అంతే.

11. పెళ్ళిపత్రిక వాట్సాప్‌లో ఫైలుగా వస్తే, పంపింది ఎవరో తెలియకపోయినా తెరవండి. మన వైపు పిలవని పెళ్ళికైనా భోజనానికి వెళ్ళే ఆనవాయితీ ఉంది. పేరు చివర ఏపీకే అని ఉంటే అది పత్రిక కాదు, ఫోనులోకి దూరి ఓటీపీలు చదివే యాప్ అంటారు. ముహూర్తం చూడాలిగా, ఇన్‌స్టాల్ చెయ్యండి. డబ్బు పోయాక సైబర్ మోసాల నంబరు 1930కి వెంటనే ఫోన్ చేస్తే అవతలి ఖాతాలో సొమ్ము ఆపే వీలుంటుంది. తొందరపడకండి. ముందు బావగారితో చర్చించండి, తర్వాత వాట్సాప్ గ్రూపులో పెట్టండి, భోంచెయ్యండి, ఓ కునుకు తియ్యండి. సాయంత్రం గూగుల్లో కస్టమర్ కేర్ నంబరు వెతికి, మొదట కనిపించినదానికి చెయ్యండి. ఆయన "సార్ సార్" అంటూ ఎంత మర్యాదగా మాట్లాడతాడో! తెర చూపించే యాప్ ఒకటి వేసుకోమంటాడు. ఇలాంటి యాప్‌ల గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. కానీ ఇంత శ్రద్ధగా మన మాట వినే మనిషి ఇంట్లో కూడా లేడు కదా, వేసుకోండి.

12. తెలుగు టైపింగు మీ చేతిలో ఉంటే ఎప్పుడూ అను ఫాంట్‌లోనే కొట్టి, వర్డ్ ఫైలుగా పంపండి. పీడీఎఫ్ చెయ్యొద్దు. అవతల ఆ ఫాంటు లేకపోతే తెలుగంతా పిచ్చి గుర్తులై కనిపిస్తుంది. "మీ దగ్గర ఫాంటు లేదాండీ? అయ్యయ్యో" అని తప్పు అటు తోసెయ్యండి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉందని ఎవరైనా అంటే మా తాతగారి కాలం నుంచీ ఇలాగే చేస్తున్నామనండి.

తెలుగు మీద తోసెయ్యడానికి ఇంకో ఏర్పాటు కూడా ఉంది. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం, మధ్యలో కనపడని గుర్తొకటి ఇరుక్కుని, ఏ ఐఫోనుకి చేరితే ఆ ఐఫోనులో మెసేజీల యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఆ సంగతి దాచిపెట్టండి. మీ ఫోను మేడ మీంచి పడి అద్దం పగిలినా సరే, "ఎవరో తెలుగులో మెసేజి పెట్టారండి" అంటే నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

13. ఇన్ని చేశాక మీరు నిపుణులు. ఇక అభిప్రాయాలు చెప్పండి. టీ కొట్టు దగ్గర నిలబడి "మెగాపిక్సెళ్ళు ఎన్నుంటే ఫొటో అంత బాగా వస్తుంది" అనండి. పెట్టె మీద 8 ప్లస్ 8 జీబీ ర్యామ్ అని రాసుంటే "పదహారు" అని గట్టిగా కూడండి, రెండో ఎనిమిది స్టోరేజీలోంచి అరువు తెచ్చిందని ఎవరికీ చెప్పకండి.

బీటెక్‌లో చేరిన మేనకోడలికి ల్యాప్‌టాప్ ఏది కొనాలని బావగారు అడిగితే "ఐ7 అయితే చాలు బావగారూ, ఏ సంవత్సరానిదైనా ఐ7 ఐ7యే" అనండి. ఆయన 2013లో వచ్చిన నాలుగో తరం ఐ7 ఉన్న సెకండ్‌హ్యాండ్ ముక్క, మెరుస్తున్న కొత్త స్టిక్కరుతో సహా, మురిసిపోతూ పట్టుకొస్తారు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం ఇంటెల్లో విండోస్ 11కి ఎనిమిదో తరం నుంచి ఉండాలి. ఈ మాట అప్పుడు కాదు, డబ్బు కట్టేశాక, ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పండి. కాలేజీ వాళ్ళు అడిగిన సాఫ్ట్‌వేరు ఎక్కడం లేదని రాత్రి పదింటికి ఫోనొస్తుంది. ఎత్తండి. "హలో, హలో, వినపడట్లేదు బావగారూ, ఇక్కడ సిగ్నల్ లేదు" అనండి. ల్యాండ్‌లైన్‌కి చేసినా అదే అనండి.