తేనెటీగల కోసం పూలతోట: ఝపటాపూర్ కమిటీకి ఏడు చిట్కాలు

తేనెటీగల కోసం వీధంతా కలిసి అడవిపూలు పెంచుదామని ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్‌లో ఎవరైనా అంటే కాదనేదేముంది? కాకపోతే ఖరగ్‌పూర్ రైల్వే ఊరు. ఏ పనికైనా ఒక పద్ధతి ఉండాలి. ఆ పద్ధతి ఇది.

1. ముహూర్తం: మే 20 ప్రపంచ తేనెటీగల దినోత్సవం. ఆ రోజే నాటండి. వానాకాలం జూన్ దాకా రాదు కనుక బ్యానరు తడవదు. మొక్కలు ఎండిపోతే వచ్చే ఏడు అవే గోతులు పనికొస్తాయి. శిలాఫలకం మన స్టేషన్ ప్లాట్‌ఫారంలా 1072 మీటర్లు ఉండనక్కర్లేదు, కమిటీ పేర్లన్నీ పడితే చాలు.

2. శుభ్రత: అడవిపూలు వెయ్యాలంటే ముందు ఉన్న అడవిపూలన్నీ పీకెయ్యాలి. తుమ్మి, గడ్డిచేమంతి, వెంపలి, ఉత్తరేణి. వీటిని ఒకరు నాటింది లేదు, ఒకరు నీళ్ళు పోసింది లేదు. ఊరికే పూసి, వచ్చిన పురుగుకల్లా విందు పెడుతుంటాయి. ప్రారంభోత్సవం జరగని పువ్వును లెక్కల్లో ఎలా రాస్తాం? జిల్లేడునూ వదలొద్దు. వినాయక చవితి పత్రి గోల్‌బజార్లో కొనుక్కోవచ్చు.

3. విత్తనాలు: ప్యాకెట్టు మీద ఇంగ్లండు పచ్చికబయలు బొమ్మ ఉండాలి. మన ఎర్రమొరం నేలకు నాలుగు కొత్త మర్యాదలు తెలుస్తాయి. ఇక్కడి పువ్వే కావాలని ఎవరైనా పట్టుబడితే ముద్దబంతి వెయ్యండి. రేకబంతి నడిమధ్య పుప్పొడి, మకరందం తేనెటీగకు ఇట్టే అందుతాయి. ముద్దబంతి నిండా రేకులే. ఫొటోలో నిండుగా ఉంటుంది.

4. నేల: పట్టు కట్టకుండా ఒంటరిగా బతికే తేనెటీగల్లో ఎక్కువ జాతులు మట్టిలో బొరియ చేసుకుని గుడ్లు పెడతాయి. కనుక మొక్కల మధ్య ఖాళీ నేల కనిపిస్తే సిమెంటు పోయించండి. తుమ్మెదలు తొలిచిన పాత పందిరి వెదుళ్ళు భోగిమంటకి, పందిరికి ఇనుప పైపులు.

5. సీతాకోకచిలుకలు: కరివేపాకు, నిమ్మాకు తినే గొంగళిపురుగుల్ని నలిపెయ్యండి. ఆనక గోడమీద సీతాకోకచిలుకల బొమ్మలు వేయించండి. అవి ఆకులు తినవు, ఎగిరీ పోవు.

6. మందు: పొద్దున్నే, పూలు విచ్చుకున్న వేళ కొట్టండి. వచ్చినవాళ్ళందరికీ ఒకేసారి అందుతుంది. పొద్దుగూకాక కొడితే చాలామంది ఇళ్ళకు వెళ్ళిపోయి ఉంటారు.

7. డ్యూటీ చార్టు: ఇంత చేశాక పెరట్లో కాయలు పడకపోతే కంగారొద్దు, షిఫ్టులు వెయ్యండి. తెల్లవారుజామున గుమ్మడి: మగపువ్వు కోసి ఆడపువ్వుకు రాయాలి. సాయంత్రం షిఫ్టు బీరకీ సొరకీ. నైట్ డ్యూటీ పొట్లకి. వంగకు మాత్రం రాస్తే చాలదు. దాని పుప్పొడి కేసరాల కొసనున్న సన్నని రంధ్రాల్లోంచి రాలాలి. అందుకని నీలిచారల తేనెటీగ పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిరిస్తుంది. ఆ పనికి గొంతున్న రిటైర్డు గార్డునెవరినైనా వెయ్యండి. ఓవర్‌టైము సంగతి అడిగితే, తేనెటీగలు ఇన్నేళ్ళూ అడగలేదు కనుక బడ్జెట్లో ఆ పద్దే లేదని చెప్పండి.