గుడ్డు క్షేమం, బీరువాకు సొట్ట

మండపేట నుంచి హైదరాబాద్‌కు ఇల్లు మారాడు మా పక్కింటాయన.

ఫోన్‌లో వెతికితే ‘నంబర్ వన్’ ప్యాకర్స్ పది దొరికాయి. పదింటికీ పది పేర్లు. ఎత్తిన గొంతు మాత్రం ఒక్కటే.

ఆఫీసు ఎక్కడండీ అంటే ‘ఆల్ ఇండియా సార్’ అన్నాడు. అంత పెద్ద అడ్రస్‌లో గొడవకి ఏ గుమ్మం ఎక్కాలో!

2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలిగా? ‘ఉందండి, వాట్సాప్ చేస్తా.’ వచ్చింది అడ్వాన్స్‌కి క్యూఆర్ కోడ్.

బీమాకీ డబ్బు కట్టించుకున్నాడు. ఆ కాగితం మీద వినాయకుడి బొమ్మతో సహా అన్నీ ఉన్నాయి, బీమా కంపెనీ పేరు తప్ప.

మాట్లాడుకున్న రేటు జొన్నాడ వంతెన దాటేదాకా నిలిచింది. సూర్యాపేటలో లారీ ఆగింది. మెట్లెక్కిస్తే కూలి వేరట. లిఫ్టులో ఎక్కిస్తే అదింకా వేరట. సామాను లారీలో, ఈయన గొంతు వాడి చేతిలో.

మన కోళ్లఫారాల గుడ్లు అట్ట ట్రేల్లో బెంగాల్ దాకా చెక్కుచెదరకుండా వెళ్తాయి. ఈయన ఇనప బీరువా మాత్రం కూకట్‌పల్లిలో సొట్టతో దిగింది. తలుపు తెరుచుకోదు. తాళంచెవి లోపలి చీరల మధ్య ఉంది.

అన్నట్టు, 2022 ఏప్రిల్ 4న మండపేట ఊరికి ఊరే తూర్పుగోదావరి నుంచి కోనసీమ జిల్లాకు మారిపోయింది. అడ్వాన్స్ లేదు, లారీ లేదు, ఒక్క గాజు గ్లాసు పగల్లేదు.

ఆ ప్యాకర్స్ నంబర్ ఎవరి దగ్గరైనా ఉంటే పక్కింటాయనకి ఇవ్వగలరు.