రాతకు గొళ్లెం

లాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ వేసుకున్న మనిషి హాయిగానే ఉంటాడు, అది అరిగిపోతుందని ఎక్కడో చదివేదాకా. నా ఖర్మ, చదివాను.

బిగించింది నేనే. వెనక మూత విప్పితే ఫ్యాన్ రెక్కల సందుల్లోంచి వేలికి నల్లగా అంటుకుంది దుమ్ము. అవతల శ్రీరాంపూర్ బొగ్గు గనులు, ఇవతల మంచిర్యాల, ఇంకే రంగు అంటుతుంది? స్క్రూలు పోపుల డబ్బా మూతలో పోసినందుకు మా ఆవిడ చేత ఓ విడత చీవాట్లు. అయితేనేం, బటన్ నొక్కి, చాయ్ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగొచ్చినా గిర్రున తిరిగే విండోస్ ఇప్పుడు స్టవ్ వెలిగించేలోపే తయారు.

సుఖంగా వాడుకోక ఆయుష్షు లెక్కలు మొదలుపెట్టాను. ఫ్లాష్ మెమరీ మీద రాసి చెరిపినకొద్దీ అది అరుగుతుంది. అయితే రాయనిస్తేనేగా! హైబర్నేషన్ తీసేశాను. ర్యామ్ చాలనప్పుడు ఆదుకునే పేజ్‌ఫైల్ పీకేశాను. ఊడదీసిన పాత డిస్కును యూఎస్‌బీ డబ్బాలో పెట్టి డౌన్‌లోడ్లు, టెంప్ ఫైళ్లు దాని మీదికి మళ్లించాను. ఏ డిస్కు నత్తనడక భరించలేక డబ్బు పోశానో దానిచేతే మళ్లీ చాకిరీ. కొత్తది కాలుమీద కాలేసుకుని కూర్చుంది. నాలుగు జీబీ ర్యామ్, పేజ్‌ఫైల్ లేదు. అమ్మాయి ఎప్‌సెట్ ఫారం నింపుతుంటే ఫొటో అప్‌లోడ్ దగ్గర బ్రౌజర్ గుటుక్కుమంది.

"బాపూ, కంప్యూటర్ ఆన్ చేసుడే బంద్ పెడితే ఇంకా మంచిగుంటది కదా!"

ఇంకా నయం, వారంవారం నడిచే ఆప్టిమైజ్ షెడ్యూల్‌ను కూడా డీఫ్రాగ్ అనుకుని ఆపేశానని దానికి అప్పటికి తెలియదు. నిజానికి ఎస్‌ఎస్‌డీని గుర్తుపట్టి విండోస్ చేసేది ట్రిమ్. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచే ఉందది. మనం ఫైలు చెరిపినా ట్రిమ్ కబురు చేరవేస్తే తప్ప ఆ సంగతి డ్రైవుకు తెలియదు. రిటైరైన కార్మికుడు సామాను సర్దుకుని పోయినా, ఆఫీసుకు కబురు అందనిదే ఆ క్వార్టర్ ఇంకొకరికి ఎలాట్ కాదు కదా, అట్లా. పైగా ఫ్లాష్‌లో పాతదాని మీద నేరుగా రాయడం కుదరదు. ముందు బ్లాక్ మొత్తం చెరపాలి. ఖాళీ కబురు ముందే అందితే డ్రైవు ఆ పని తీరికగా చేసిపెట్టుకుంటుంది. వారంవారం ఆ కబురు మళ్లీ చెప్పే బుద్ధిమంతురాలి నోరు నొక్కిందీ నేనే.

చివరికి కాగితం తీసుకున్నాం. నేను బిగించిన శామ్‌సంగ్ 870 ఈవో 250 జీబీ రకానికి వారంటీ 5 ఏళ్లు, లేదా 150 టీబీ రాతలు. రోజుకు 20 జీబీ రాసినా 150 టీబీ నిండడానికి 20 ఏళ్లు దాటుతుంది. మా ఇంట్లో రోజూ 20 జీబీ రాసేంత సరుకు ఎవరి దగ్గరుంది? నేను పనిచేసే సింగరేణిలో 61కి రిటైర్మెంట్.

"అంటే మీరు డ్యూటీ దిగినా అది ఎక్కుతనే ఉంటదన్నట్టు" అంది మా ఆవిడ.

తీసేసినవన్నీ మళ్లీ ఆన్ చేస్తుంటే అమ్మాయికి ఇంకో సాఫ్ట్‌వేర్ దొరికింది. డ్రైవు మీద ఎంత రాత పడిందో లెక్కపెట్టడానికి నేను వేసుకున్నదే. నిమిషానికోసారి ఆ లెక్కను ఫైల్లో రాసిపెడుతుంది.

"ఆ ఫైలు ఏ డ్రైవులో ఉంది బాపూ?"

సి డ్రైవులో.