రూపాయల్లోనే కట్టేయండి సార్

బ్యాంకాక్‌లో ఏ పెద్ద మాల్‌కైనా వెళ్ళండి. చెప్పులో, సెంటు సీసానో కొని కార్డు ఇవ్వండి. మిషను మీ కార్డును చూడగానే మీది ఏ దేశమో పసిగట్టేస్తుంది. తెర మీద రెండు అంకెలు వేస్తుంది, ఒకటి థాయ్ బాత్‌ల్లో, ఇంకోటి రూపాయల్లో. కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ "రుపీ?" అంటుంది. పరాయి దేశంలో మన రూపాయి పేరు వినబడేసరికి మనవాడి ఛాతీ రెండంగుళాలు ఉబ్బుతుంది. బాత్‌ను రూపాయల్లోకి గుణించుకునే శ్రమ కూడా తప్పింది కదా అని టక్కున రూపాయల మీద నొక్కేస్తాడు. దేశభక్తికీ ఒక రేటుంటుందని, అది మామూలు రేటు కంటే ఎక్కువని ఆ క్షణాన ఆయనకు ఎవరూ చెప్పరు.

ఈ మర్యాదకు డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అని పేరు. ముద్దుగా డీసీసీ. బాత్ మీద నొక్కితే మారకం రేటు వీసానో మాస్టర్‌కార్డో కడుతుంది, అది అసలు మార్కెట్ రేటుకు దగ్గర్లోనే ఉంటుంది. రూపాయి మీద నొక్కితే మాత్రం రేటు కట్టేది మిషను వెనకాల కూర్చున్న కంపెనీ. తన లాభం తాను కలుపుకుంటుంది, అందులో దుకాణానికి కొంత వాటా పడేస్తుంది. ఆ అమ్మాయి నవ్వు ఊరికే రాలేదు మరి.

కథ అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. మన దేశంలోనే కొన్ని బ్యాంకులు ఇంకో మెలిక పెట్టాయి. రూపాయల్లోనే కట్టినా సరే, దుకాణం విదేశంలో ఉంది కాబట్టి 1 శాతమో అంతకంటే ఎక్కువో వాళ్ళకు సమర్పించుకోవాలి, ఆపైన జీఎస్టీ. రూపాయల్లోంచి రూపాయల్లోకి మార్చినందుకు రుసుమన్నమాట! ఇంట్లో సోఫాలో కూర్చుని, విదేశంలో నమోదైన వెబ్‌సైటులో రూపాయల్లో ఏదైనా కొన్నా ఇదే వడ్డన పడొచ్చు. పాస్‌పోర్టు లేకుండానే విదేశీ ఖర్చు చేసిన ఘనత మనకు దక్కుతుంది.

యూరప్ వాళ్ళు ఈ వేషాలు చూసి చూసి, 2020 నుంచి ఒక నిబంధన పెట్టారు. ఇలా మార్చే మిషన్లు యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటు కంటే ఎంత శాతం ఎక్కువ గుంజుతున్నాయో తెర మీదే చూపించాలి. ఆ నిబంధన పుట్టింది వాళ్ళ కరెన్సీల కోసం. మన రూపాయి కోసం అంత పట్టించుకునే నాథుడెవడు?

సరే, మిషను సంగతి అలా ఉంచండి. అసలు ఆ కార్డును మనవాడు ఎలా ఎంచుకున్నాడో చూడాలి. టూరు ప్యాకేజీలో బ్రేక్‌ఫాస్ట్ కలపమని ట్రావెల్ ఏజెంటుతో వారం రోజులు బేరమాడిన మనిషి, బ్యాంకుకు వెళ్ళి అడిగిన మొదటి ప్రశ్న: "మేడం, లాంజ్ ఎన్నిసార్లు ఫ్రీ?" రెండో ప్రశ్న: "ఇది మెటల్ కార్డేనా?" ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు రుసుము, ఎంత అన్న మూడో ప్రశ్న మన జాతి చరిత్రలో ఎవరైనా అడిగి ఉంటే, ఆ మహానుభావుడికి ట్యాంక్‌బండ్ మీద విగ్రహం పెట్టాలి.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు లాంజ్ ముందు తెల్లవారుజామున క్యూ చూశారా? పెళ్ళి భోజనాల రెండో బంతికి కూడా అంత తోపులాట ఉండదు. కార్డు గీకి, పరీక్షకని రెండు రూపాయలో పాతికో కోయించుకుని లోపలికి వెళ్తే, చల్లారిన ఇడ్లీ, నీళ్ళ సాంబారు, కుర్చీ దొరక్క గోడకు ఆనుకుని తింటున్న పెద్దమనుషులు. ఆ ఇడ్లీ ఫోటో స్టేటస్‌లో పెట్టి "చూశారా బావగారూ, అంతా ఫ్రీ" అని కింద రాయడం కోసం ఏటా వేల రూపాయల ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ కట్టిన సంగతి బావగారికి చెప్పరు.

ఆ ఇడ్లీ బాకీ బ్యాంకు ఎక్కడ వసూలు చేసుకుంటుందో లెక్క చూడండి. చాలా క్రెడిట్ కార్డుల మీద విదేశీ ఖర్చుకు మార్కప్ 3.5 శాతం. లక్ష రూపాయలు ఖర్చు పెడితే 3,500. దాని మీద జీఎస్టీ 630. మొత్తం 4,130 రూపాయలు. ఇది స్టేట్‌మెంటులో పండగ బోనస్‌లా పెద్దక్షరాలతో రాదు. రివార్డు పాయింట్లు మాత్రం పెద్దక్షరాల్లో ఉంటాయి. ఆ పాయింట్లు పోగేసి ఏడాది చివర మనవాడు ఒక సూప్ గిన్నెల సెట్టు తెచ్చుకుంటాడు. ఇంట్లో ఎవరూ సూప్ తాగరు.

మార్కప్ అసలే లేని కార్డులు కూడా మార్కెట్లో ఉన్నాయి, అది నిజం. వాటిని సంపాదించిన తెలివైనవాళ్ళూ ఉన్నారు. అలాంటి కార్డు పట్టుకెళ్ళి కౌంటర్లో రూపాయల మీద నొక్కారంటే, ఆ సున్నా కాస్తా మిషను కంపెనీ గల్లాపెట్టెలో పడిపోతుంది. కార్డు ఏదైనా, ఆ ఊరి డబ్బులోనే బిల్లు వేయమని అడిగే నోరు కావాలి.

"క్రెడిట్ కార్డు గొడవెందుకు సార్, ఫారెక్స్ కార్డు తీసుకోండి, రేటు లాక్ అయిపోతుంది" అంటాడు ఇంకో సలహాదారు. థాయ్‌లాండ్ వెళ్ళేవాడికి డాలర్లు నింపిస్తాడు. రూపాయలిచ్చి డాలర్లు కొన్నప్పుడు ఒక కోత. ఆ డాలర్లు అక్కడ బాత్‌లైనప్పుడు క్రాస్ కరెన్సీ అని ఇంకో కోత, అదీ చాలా కార్డుల్లో 3.5 శాతం దాకా. లాక్ అయింది రేటు కాదు, మనవాడు. తిరిగొచ్చాక ముప్ఫై నలభై డాలర్లు మిగిలితే, వాటిని బ్యాంకు తన కొనుగోలు రేటుకు వెనక్కి తీసుకుంటుంది. బద్ధకించి వదిలేస్తే కొన్ని కార్డుల్లో వాడనందుకు కూడా ఛార్జీ ఉంది. వాడితే తప్పు, వాడకపోతే తప్పు.

రాత్రి బజారులో కొబ్బరి ఐస్‌క్రీమ్ బండివాడు కార్డు తీసుకోడు. "ఏటీఎం ఉందిగా" అని క్రెడిట్ కార్డుతోనే నోట్లు లాగే ధైర్యవంతుల గురించి ఏం చెప్పను! థాయ్ ఏటీఎం విదేశీ కార్డుకు తన రుసుము ముందే పట్టుకుంటుంది. మన బ్యాంకు 2.5 శాతమో, కనీసం 500 రూపాయలో నగదు రుసుము వేస్తుంది, మార్కప్ మామూలే. వడ్డీ ఆ రోజు నుంచే మొదలు. ఐస్‌క్రీమ్ కరిగేలోపే మీటరు తిరుగుతూ ఉంటుంది.

ఇంతమంది పంచుకుంటుంటే ప్రభుత్వం ఊరుకుంటుందా? 2023 మే 16న విదేశాల్లో క్రెడిట్ కార్డు ఖర్చును కూడా ఎల్ఆర్ఎస్ కిందికి, అంటే విదేశాలకు పోయే డబ్బు మీద ముందుగానే పన్ను (టీసీఎస్) పట్టే లెక్కలోకి తెచ్చింది. గోల లేచింది. మూడు రోజులకు 7 లక్షల దాకా పర్లేదంది. జూన్ 28న అసలు ప్రస్తుతానికి వద్దులే అంది. దాంతో ఒకే హోటల్లో ఒకే కాఫీ ఫారెక్స్ కార్డుతో తాగితే ఆ లెక్కలోకి వస్తుంది, క్రెడిట్ కార్డుతో తాగితే రాదు. 2025 ఏప్రిల్ నుంచి ఆ గీత 10 లక్షలకు జరిగింది. అది దాటి ఖర్చు పెట్టేవాళ్ళకు ఆడిటర్లు ఉంటారు కాబట్టి వాళ్ళ గురించి మనం బెంగపడక్కర్లేదు.

మనవాడు ఇల్లు చేరి సూట్‌కేసు ఇంకా విప్పలేదు, ఫోను టింగుమంది. బ్యాంకు నుంచి మెసేజ్: మీ విదేశీ ఖర్చులను సులభ వాయిదాల్లోకి మార్చుకోండి, ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ అదనం.