ఇంక దేనికీ చెయ్యి పెట్టడు

ప్రతి కాలనీలోనూ ఒకాయన ఉంటాడు. షుగరు బోర్డర్లో ఉందని డాక్టరు చెప్పిన మర్నాడే సైకిలు కొన్నవాడు. మా హైదరాబాదు ఆయన ముందు కొన్నది రోడ్ బైకు. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, 25 మిల్లీమీటర్ల సన్నటైర్లు, మొత్తం 9 కిలోలు. "ఒంటి చేత్తో ఎత్తొచ్చు" అని గేటు దగ్గర ఎత్తి చూపించేవాడు. మనం కనబడాలే గానీ, ఎన్నిసార్లైనా ఎత్తేవాడు.

అంతలో అనంతగిరి కొండల మీద మనసైంది. రాత్రి ఉండాలంటే సామాను కావాలి. పందేల కోసం చేసిన ఆ ఫ్రేముకేమో క్యారియరు బిగించే కన్నాలే లేవు. ఆయన ఊరుకుంటాడా? క్లాంపులు వేయించి రెండు సంచులు వేలాడదీశాడు. వెనక చక్రం పెడళ్లకు దగ్గరగా ఉండే బండి కదా, తొక్కినప్పుడల్లా మడమ సంచికి తగిలేది. అలా తన్నుకుంటూ చేవెళ్ల దాకా వెళ్లేసరికి లోపల ఆవకాయ సీసా పగిలింది. ఆ పూట చైనుకు నూనె కొరత రాలేదు.

వెంటనే టూరింగ్ సైకిలు దిగింది. ఉక్కు ఫ్రేము, లావు టైర్లు, చక్రానికి 36 పుల్లలు, మడ్‌గార్డులు, ముందూ వెనకా క్యారియర్లు. వెనక చక్రం నాలుగు సెంటీమీటర్లు ఎడంగా ఉంటుంది కాబట్టి మడమకూ సంచికీ పేచీ లేదు. నిజం చెప్పాలంటే మంచి బండి. బరువు వేస్తే కుదురుగా నడుస్తుంది, ఒట్టిగా తొక్కితే బద్ధకిస్తుంది.

ఈయన ఒట్టిగానే తొక్కాడు, అదీ అవుటర్ రింగురోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ పైకప్పు ట్రాక్ మీద. కాలేజీ కుర్రాళ్లు "సైడ్ అంకుల్!" అంటూ దూసుకెళ్లారు. సైడ్ ఇచ్చాడు గానీ, 'అంకుల్' గుచ్చుకుంది. వారం తిరక్కుండా మడ్‌గార్డులు పోయాయి, క్యారియర్లు పోయాయి, సన్నటైర్లు వచ్చాయి. 14 కిలోల బండి 12కు దిగింది. ఇక ఉక్కును చిత్రిక పట్టడమే మిగిలింది. అయినా కుర్రాళ్లు అందలేదు. విప్పినవన్నీ మళ్లీ బిగించి అమ్మేశాడు.

ఇప్పుడు గ్రావెల్ బైకు. హ్యాండిలు వంగిందే, టైర్లు 40 మిల్లీమీటర్లవి, క్యారియరుకు కన్నాలున్నాయి. "రెండూ ఇందులోనే ఉన్నాయే, ఇంక దేనికీ చెయ్యి పెట్టను" అని ఇంటావిడకు మాటిచ్చాడు. ఆదివారం పొద్దున్నే షాపుకెళ్లి, మెకానిక్కును పక్కకు పిలిచి అడిగాడు:

"దీనికి సన్నటైర్లు పడతాయా?"

"మీ పాతయి నా తాన్నే ఉన్నయి సార్. మళ్ల అడుగుతరని పారెయ్యలే."