పట్నము చూచిన నాపబండ

నేను సముద్రగర్భమున జన్మించినదానను. దొర్నిపాడులో ఈ మాట చెప్పినచో కుందూగట్టున మేయు ఎనుములు సైతము నవ్వును. కాని నేడు నల్లరేగడి పరచుకొనియున్న ఈ సీమ యంతయు, వెన్నెముక గల ప్రాణి యొక్కటియు భూమిపై లేని కాలమున, లోతులేని కడలి క్రింద నుండెను. ఆ నీట మెల్లమెల్లగా దిగిన సున్నపుబురద పొరమీద పొరగా గట్టిపడి నేనైతిని. 1872లో విలియం కింగ్ అను భూశాస్త్రజ్ఞుడు కర్నూలు రాళ్ళను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించి, పొరలకు బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యము, కోయిలకుంట్ల, నంద్యాల అని మన యూళ్ళ పేర్లే పెట్టెను. నేను నార్జి పొరదానను. చుట్టుప్రక్కల యూళ్ళన్నియు శాస్త్రమున కెక్కగా, నన్ను తెచ్చి యింట పెట్టుకొన్న దొర్నిపాడునకు మాత్రము ఒక్క పలుచని పొరయైనను దక్కకపోవుట నాకిప్పటికిని కష్టముగనే యున్నది.

బేతంచెర్ల గనిలో గడారులతో నన్నెట్లు లేపిరో చెప్పి విసిగింపను. ఎడ్లబండిపై వచ్చి యొక రైతుయింటి అరుగున కుదురుకొంటిని. ఎండకాలపు మధ్యాహ్నములందు నా చల్లదనమునకై వీపు వాల్చిన ముసలివారును, జొన్నలు చెరిగిన ఇల్లాండ్రును, మేకుతో నాపై పులి-మేక గీతలు గీసిన పిల్లలును తరతరములుగా నన్ను రాచి రాచి నునుపు చేసిరి. పిమ్మట రంగుపలకలు వచ్చెను. నాలుగు సమ్మెటదెబ్బలతో నన్ను పగులగొట్టించి పెరటి జాలాడిలో పడవేసిరి. మురికినీరు పైబడుట యంత బాధింపలేదు. పులి కూర్చుండు కొన యొక ముక్కకును, మేకలు తిరుగు గళ్ళు వేరొక ముక్కకును పోయి, ఆడినవారెవ్వరును వచ్చి చూడకపోవుటయే బాధించెను.

ఆ యింటి చిన్నవాడు చెన్నపట్నమున భూశాస్త్రము చదువుచుండెను. సెలవులకు వచ్చి పులి యున్న ముక్కను, అనగా నన్ను, సంచిలో వేసికొనిపోయెను. అచ్చట సముద్రపుగాలి సోకగానే పుట్టినింటికి వచ్చితినని యుప్పొంగితిని. కాని ఆ బంగాళాఖాతము వయస్సున నా మునిమనుమరాలి మునిమనుమరాలు, నన్నేమి గుర్తించును!

ఒకనాడు అతడు నన్ను ఎగ్మూరు మ్యూజియమునకు గొనిపోయెను. కంచువిగ్రహములను చూడవచ్చు జనమునకు తెలియని సంగతి యొకటి చెప్పెద: 1851లో ఆ సంస్థ యారంభమైనది రాళ్ళతోనే. మద్రాసు లిటరరీ సొసైటీవా రొసగిన 1,100 భూశాస్త్ర నమూనాలే దానికి తొలి యాస్తి. ఎడ్వర్డ్ బాల్ఫర్ అను వైద్యుడు దానికి తొలి యధికారి. ఎగ్మూరులోని పాంథియన్ భవనమునకు అది మారినది 1854లో. రాతిజాతి కింతకన్న గౌరవమేమి కావలెను?

అమరావతి శిల్పముల గదిలో మాత్రము నా గర్వమణగినది. అవి పల్నాటి సున్నపురాయి. మా నార్జి పొరకు సజాతీయమని శాస్త్రజ్ఞులందురు. నా జ్ఞాతులపై ఉలి బుద్ధుని చరిత్ర చెక్కినది, నాపై మేకు పులిజూదము గీసినది! ఈర్ష్య కలిగెను, దాచను. కాని వారి కథయు సుఖమైనది కాదు. 1845లో వాల్టర్ ఇలియట్ అను అధికారి త్రవ్వించి మద్రాసునకు పంపిన ఫలకములు ఏండ్లతరబడి ఎండకు వానకు ఆరుబయట పడియుండి, 1859లో పెక్కులు లండను ఓడ యెక్కెను. దేవుని రూపు దాల్చినవారికే యట్టి గతి పట్టినపుడు అరుగుబండ యెవరితో మొరపెట్టుకొనగలదు?

చిన్నవాడు నాపై ఆమ్లపుచుక్క వేసి, బుసబుస పొంగగా చూచి, నా జాతిని వ్రాసికొని, పరీక్ష ముగిసినంతనే నన్ను కుంటిమంచపుకోటి క్రింద పెట్టెను. గది ఖాళీచేయునాడు పుస్తకములు మూటగట్టుకొనిపోయెను, నన్ను మరచెను.

చదువరీ, ఎగ్మూరు పోయినపుడు అమరావతి శిల్పిని తప్పక మెచ్చుకొనుము. రాళ్ళగదికిని ఒక పావుగంట కేటాయింపుము. ఇంటి అరుగు మార్చుకొనదలచితివా, మార్చుకొనుము. పాతబండను మాత్రము సమ్మెటకు అప్పగింపక, గొడ్లకొట్టమునందైనను అఖండముగా పరపింపుము.